శిలాఫలకం మీద తూటా

ఈ వారం వచ్చిన ఉత్తరం పెద్దది. ఫోన్లో టైపు చేసి పంపారు. మధ్యలో రెండు చోట్ల “ఇది రాయొచ్చో లేదో తెలియడం లేదు” అని ఆగి, ఆ తర్వాత రాసేశారు. పేరూ ఊరూ వద్దన్నారు కాబట్టి అవి తీసేసి మిగతాది కుదించి చెబుతున్నాను.

రాసినావిడకు 51 ఏళ్లు, హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం, సొంతూరు పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక పల్లె. నాన్నగారు కిందటి కార్తీకంలో 79 ఏళ్ల వయసులో పోయారు. ఊళ్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరట, అందరికీ ‘మిలట్రీ మాస్టారే’. 1963లో, చైనా యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, పదిహేడేళ్లకి సైన్యంలో చేరారు. పదిహేనేళ్లు చేసి 1978లో హవల్దారుగా బయటికొచ్చారు. టీచరు ట్రైనింగ్ పూర్తిచేసి 1981లో మాజీ సైనికుల కోటాలో పంచాయతీ సమితి బడిలో చేరి, 2004లో సొంతూరి ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఎడమకాలు కొంచెం ఈడ్చి నడిచేవారు. ఆ కాలికి 1971 యుద్ధంలో పాకిస్తాన్ వాళ్ల తూటా తగిలిందని ఊరంతా చెప్పుకుంటుంది, ఈవిడా అదే విని పెరిగారు.

పాత విద్యార్థులు వాట్సాప్ గ్రూపు పెట్టి, సంవత్సరీకం నాటికి బడి ఆవరణలో విగ్రహం పెట్టాలని నాలుగు లక్షల దాకా పోగుచేశారు. చిన్న సావనీరు (జ్ఞాపక సంచిక) కూడా వేస్తున్నారు, అందులో మాస్టారి జీవితం రాసే పని పెద్దమ్మాయి కాబట్టి ఈవిడకు అప్పగించారు. శిలాఫలకం మీద ఏం చెక్కించాలో డల్లాస్‌లో ఉన్న తమ్ముడు ముందే రాసి గ్రూపులో పెట్టేశాడు: “1971 యుద్ధంలో శత్రువు తూటా కాలికి దిగినా వెనుదిరగని వీరజవాను, వేలమంది బిడ్డలకు అక్షరభిక్ష పెట్టిన గురుదేవుడు”. అందరూ చేతులు జోడించే బొమ్మలు పెట్టారు.

ఈలోగా అమ్మగారి పెన్షన్ కాగితాల కోసం ఈవిడ నాన్నగారి నల్ల ట్రంకు పెట్టె తెరిచారు. డిశ్చార్జ్ బుక్కు దొరికింది. దాని మధ్యలో మడిచిన మెడికల్ బోర్డు కాగితం. నాన్నగారు సైన్యానికి తిండీ సరుకూ చేరవేసే ఆర్మీ సర్వీస్ కోర్‌లో లారీ డ్రైవరు. కాలు విరిగింది 1970లో, నాగాలాండ్ కొండ రోడ్డులో బండి లోయలోకి జారినప్పుడు, అంటే యుద్ధానికి ఏడాది ముందు. ఆ తర్వాత డ్రైవింగ్ మాన్పించి డిపోలో స్టోర్స్ పని ఇచ్చారు. 1971 డిసెంబరులో యుద్ధం జరుగుతుంటే ఆయన డిపోలో బస్తాలు లెక్కపెడుతున్నారు.

పెట్టె అడుగున మనియార్డరు రసీదుల కట్ట ఉంది. 1972 నుంచి 1997 దాకా, ప్రతి జనవరిలో పొంగల్ ముందు, వేలూరు దగ్గర ఒక పల్లెలో ఒకే ఆడమనిషి పేరు మీద. మొదట్లో 15 రూపాయలు, చివర్లో 200. వాటితో పాటు తమిళంలో ఒక ఇన్‌లాండ్ లెటరు, బ్యాంకులో తమిళం వచ్చిన ఆవిడతో చదివించుకుంటే అందులో ఉన్నది రెండే ముక్కలు: డబ్బు అందింది, పిల్లవాడు ఐదో తరగతి పాసయ్యాడు. జేబు నోటుబుక్కులో ప్రమాదం జరిగిన తేదీ, దాని కింద ఒక తమిళ మగపేరు, పక్కన నాన్నగారి చేతిరాతలో “బండి నాది” అని.

తమ్ముడికి ఫోన్ చేసి సగం చెప్పేసరికి “నువ్వు నాన్న పరువు తీస్తావా” అని కట్ చేశాడు. అమ్మేమో “పోయినాయన కాలు గొడవ ఇప్పుడెందుకే” అంటోంది. ఈవిడ అడిగింది ఇది: “నాన్న జీవితమంతా అబద్ధం చెప్పారా? నేను నిజం రాయాలా, నోరు మూసుకోవాలా?” చివర్లో, అడగని చోట, ఇంకో వాక్యం: “బడి పిల్లలకి ఆయన ఎన్నో కథలు చెప్పారట. మాకు ఒక్కటీ చెప్పలేదు.”

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు అడిగింది ఒక ప్రశ్న కాదు, మూడు. నాన్నగారు అబద్ధం చెప్పారా అన్నది ఒకటి. రాతి మీద, పుస్తకంలో ఏం రాయాలన్నది ఇంకొకటి. మనకెందుకు చెప్పలేదన్నది మూడోది. ఈ మూడూ చిక్కుపడిపోయి, మూడోదాని కోపం రెండోదాని మీదికి వచ్చేస్తోందేమో అని నా అనుమానం. అందుకే విడివిడిగా చూద్దాం.

అబద్ధం సంగతి. మీరే రాశారు, నాలుగో తరగతిలో మీ క్లాసు పిల్లవాడొకడు “మాస్టారూ, కాలికేమైందండీ” అని అడిగితే ఆయన “మిలట్రీలో పోయిందిరా, పన్నెండో ఎక్కం చెప్పు” అన్నారని. ఇప్పుడు మీ చేతిలో ఉన్న మెడికల్ బోర్డు కాగితం మళ్లీ చూడండి, గాయం సైనిక సేవ కారణంగానే కలిగిందని అందులో ఉందని మీరే రాశారు. అంటే నాలుగో తరగతి పిల్లవాడికి ఆయన చెప్పిన ముక్కా, బోర్డు డాక్టర్లు రాసిన ముక్కా ఒకటే. తూటా అన్న మాట ఆయన నోట విన్నట్టు మీ ఉత్తరం మొత్తంలో ఎక్కడా లేదు. 1971 డిసెంబరు 16న ఢాకాలో 93 వేల మంది పాకిస్తాన్ వాళ్లు లొంగిపోయారని రేడియోలో విన్న ఊరు అది, ఆ ఏడు సైన్యంలో ఉన్న తమ ఊరి కుర్రాణ్ని ఢాకాలో నిలబెట్టకుండా ఎలా ఊరుకుంటుంది? పిల్లలు కొంత కలిపారు, పెద్దలు కొంత కలిపారు, మీ తమ్ముడు ఏడో తరగతిలో వ్యాసం రాసి ప్రైజు తెచ్చుకున్నాడు. తిలాపాపం తలా పిడికెడు.

అలాగని నాన్నగారికి పూర్తిగా క్లీన్ చిట్ ఇవ్వమని నేననను. 1999 ఆగస్టు 15న, కార్గిల్ అయిన కొత్తలో, ఊళ్లో సన్మానం చేసి సర్పంచి గారు మైకులో తూటా కథ చెబుతుంటే మీ నాన్నగారు తల దించుకుని కూర్చున్నారని, మీరు దాన్ని వినయం అనుకున్నారని రాశారు. అప్పుడాయన లేచి “అది తూటా కాదండీ” అనొచ్చు, అనలేదు. వినయమో, సిగ్గో, శాలువా కప్పినవాళ్లని నలుగురిలో చిన్నబుచ్చడం ఇష్టం లేకో, ఆ కొండ రోడ్డు గురించి మైకులో మాట్లాడే ఓపిక లేకో, మనకు తెలియదు. అడగడానికి ఆయన లేరు. తెలియని చోట “నాన్న అబద్ధాలకోరు” అని తీర్పు రాసుకోకండి, “నాన్న మహానుభావుడు, అందుకే మౌనం” అని కూడా రాసుకోకండి. మీ తమ్ముడు రెండోది చేస్తున్నాడు, మీరు మొదటిదాని వైపు జారుతున్నారు.

ఒక జాగ్రత్త కూడా. ఆర్మీ కాగితాల్లో పొట్టి అక్షరాల గోల ఎక్కువ, మనలాంటివాళ్లం చదివి ఒకటనుకుంటే ఇంకోటి అవుతుంది. తెలిసిన మాజీ సైనికుడి చేత, ఊరివాడు కాని మనిషి చేత, ఒకసారి చదివించండి. మీరు పంపిన మెడల్స్ జాబితాలో రక్షా మెడల్, సంగ్రామ్ మెడల్, పాతికేళ్ల స్వాతంత్ర్యం మెడల్, తొమ్మిదేళ్ల సర్వీసు మెడల్ ఉన్నాయి. 1971లో తూర్పు వైపు యుద్ధరంగంలో ఉన్నవాళ్లకి పూర్వీ స్టార్, పడమటి వైపు ఉన్నవాళ్లకి పశ్చిమీ స్టార్ ఇచ్చారు. ఆ రెండూ జాబితాలో లేవు. శత్రువు చేతిలో గాయపడ్డవాళ్లకి వేరే వూండ్ మెడల్ 1973లో మొదలుపెట్టారు, పాత యుద్ధాల్లో గాయపడ్డవాళ్లకీ వర్తించేలా. అదీ లేదు. మెడల్ లేనంత మాత్రాన ఏదీ రుజువు కాదు, కానీ బోర్డు కాగితంతో కలిపి చూస్తే మీరు చదివింది సరిగానే ఉన్నట్టుంది.

ఇక రాయి సంగతి. ఇక్కడ మీకు మూడు దారులున్నాయి, దేని బరువు దానికుంది.

మొదటిది, నోరు మూసుకోవడం. తమ్ముడు రాసింది చెక్కిస్తారు, చప్పట్లు కొడతారు, భోజనాలు పెడతారు, ఎవరూ ఏమీ అనరు. ఆ రోజుకి ఇదే సుఖం. కానీ విగ్రహం మెడల్స్‌తో చేయిస్తారు కదా, ఫోటో చూసి శిల్పి అవే రిబ్బన్లు పెడతాడు. మీ జిల్లాలోనే మిలటరీ మాధవరం ఉంది, రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊరు. ఆ చుట్టుపక్కల రిబ్బను చూసి ఏ మెడలో చెప్పగల మనిషి ఏ టీ కొట్టు దగ్గరైనా దొరుకుతాడు. కింద తూటా అని రాసి, పైన వూండ్ మెడల్ లేకపోతే, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు. అప్పుడు దోషం కథ అల్లిన ఊరిది అవ్వదు, మీ తమ్ముడిది అవ్వదు. రాతి మీద పేరు ఎవరిదైతే వాళ్లదే అవుతుంది. నోటిమాట ఊరిది, రాత మాత్రం ఆయన ఖాతాలో పడుతుంది.

రెండోది, సభలో మైకు పట్టుకుని మొత్తం చెప్పేయడం. తూటా కాదు, బండి పడింది, పక్కన ఒకాయన ఉన్నాడు, పాతికేళ్లు డబ్బు పంపారు అని. మీ కోపం కొంత తీరుతుంది. జనం మీరు భయపడ్డట్టు తిట్టకపోవచ్చు కూడా, కళ్లు తుడుచుకునేవాళ్లే ఎక్కువ ఉంటారేమో. కానీ మీ అమ్మగారు ముందు వరుసలో కుర్చీలో కూర్చుని ఉంటారు. 50 ఏళ్లకు పైగా కాపురం చేసిన ఆవిడకి ఆ మనియార్డర్ల సంగతి తెలుసో తెలియదో మీరు ఉత్తరంలో రాయలేదు, అంటే ఇంకా అడగలేదన్నమాట. ఒకవేళ తెలియకపోతే, నాలుగొందల మంది మధ్య మైకులో తెలియాల్సిన విషయం కాదు అది. పరాయి ఊరి ఆడమనిషికి పాతికేళ్లు డబ్బు పంపారు అన్న ముక్క ఒక్కటీ పట్టుకుని, మిగతాది వదిలేసి, సాయంత్రానికి ఊళ్లో ఏం తయారుచేస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. తూటా తయారుచేసిన ఊరే అది.

మూడోది నాకు నచ్చింది, కానీ ఇందులోనూ చిక్కుంది. రాతి మీద డిశ్చార్జ్ బుక్కులోనూ సర్వీసు రిజిస్టరులోనూ ఏముందో అది మాత్రమే చెక్కించడం. భారత సైన్యం, ఆర్మీ సర్వీస్ కోర్, 1963–1978. ఉపాధ్యాయుడు, ప్రధానోపాధ్యాయుడు, 1981–2004. పుట్టిన ఏడు, పోయిన ఏడు. కాలు ఊసు లేదు, యుద్ధం ఊసు లేదు. ఇందులో అబద్ధం లేదు, ఎవరి రహస్యమూ బయటపడలేదు. చిక్కేమిటంటే, “తూటా ఏదీ, ఎందుకు తీసేశారు” అని గ్రూపులో నలభై మెసేజులు వస్తాయి, దానికి జవాబు తయారుగా ఉండాలి. “రాతి మీద రికార్డులో ఉన్నదే ఉండాలని ఇంట్లో అనుకున్నాం” అంటే సరిపోతుంది. నీళ్లు నమలకుండా ఒక్కసారి చెప్పి ఆపేయండి, వివరణ పెరిగేకొద్దీ అనుమానం పెరుగుతుంది.

సావనీరులో మీకు ఇంకొంచెం వెసులుబాటు ఉంది. అక్కడ “మాస్టారి కాలికి తూటా తగిలిందని మేమంతా అనుకునేవాళ్లం” అని పాత విద్యార్థి ఎవరైనా రాస్తే అది నూటికి నూరు పాళ్లు నిజం. అనుకున్నారు కదా. ఆ మాట తీసేయించకండి. మీరు రాసే వ్యాసంలో “1970లో విధి నిర్వహణలో జరిగిన ప్రమాదంలో కాలికి గాయమైంది” అని ఒక్క వాక్యం, మిగతా సంగతుల మధ్యలో, మామూలుగా రాసేయండి. చదివేవాళ్లు చదువుతారు, దాటిపోయేవాళ్లు దాటిపోతారు, రేపు ఎవరైనా వేలెత్తి చూపితే మాత్రం కుటుంబం అచ్చులోనే చెప్పింది అని ఉంటుంది.

ఇప్పుడు నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన సంగతి చెబుతాను. మీ ఉత్తరంలో ఒక చోట “కేవలం లారీ డ్రైవరు” అని రాశారు. ఆ కేవలం అన్న మాట దగ్గర నాకు చివుక్కుమంది. 1962లో మనవాళ్లు చైనా ముందు ఎందుకు దెబ్బతిన్నారో చదివినవాళ్లకి తెలుసు, ధైర్యం లేక కాదు. రోడ్లు సరిగా లేవు, చలికి బట్టల్లేవు, పైకి సరుకు చేరలేదు. ఆ దెబ్బ తర్వాతే సైన్యాన్ని పెంచారు, అలా తీసుకున్న వేలమంది కుర్రాళ్లలో మీ నాన్నగారొకరు. ఆయన పని ఆ లోటు పూడ్చడమే, కొండల మీద ఉన్నవాడికి పిండి, పప్పు, కిరోసిను అందించడం. ఆర్మీ సర్వీస్ కోర్ ఆదర్శ వాక్యమే ‘సేవా అస్మాకం ధర్మః’. తుపాకీ పట్టినవాడికి పొద్దున రొట్టె అందకపోతే మధ్యాహ్నానికి తుపాకీ ఎత్తలేడు.

మీరు జత చేసిన పాత విద్యార్థుల వాయిస్ మెసేజుల్లో ఒకటి నేను మూడుసార్లు విన్నాను. 2003 జనవరిలో మన రాష్ట్రంలో బళ్లలో మధ్యాహ్న భోజనం మొదలైనప్పుడు ఆ అబ్బాయి నాలుగో తరగతి. రోజూ ప్రార్థన అయ్యాక మాస్టారు చిన్న తక్కెడ తెచ్చి, ఎంతమంది వచ్చారో లెక్కేసి, బియ్యం తనే తూచి వంటావిడకి ఇచ్చేవారట. వండాక మొదటి పళ్లెం తనే తినేవారట, నిలబడి, వరండా స్తంభానికి ఆనుకుని, ఆ కాలు కొంచెం ముందుకి పెట్టి. తిన్నాక ఐదు నిమిషాలు ఆగి అప్పుడు “ఊఁ, కూచోండి” అనేవారు. ఒకరోజు పప్పు నీళ్లలా ఉంటే వంటావిణ్ని పిల్లల ముందు ఏమీ అనలేదు, సాయంత్రం కందిపప్పు లెక్క రిజిస్టరు ఆవిడ ముందు పెట్టి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారట. అంతే, మర్నాటి నుంచి పప్పు గట్టిపడింది. ఇంకో అమ్మాయి చెప్పింది, అరిగిపోయిన సుద్దముక్కల్ని పారేయనీయకుండా, వేలికి అందనంత చిన్నవాటిని వెదురు గొట్టంలో దూర్చి దాంతో రాసేవారని, నెలాఖరుకి ఎన్ని మిగిలాయో రాసుకునేవారని.

ఈ మనిషి ఎవరమ్మా? డిపోలో స్టోర్స్ చూసిన హవల్దారే కదా. 15 ఏళ్లు ఎవరికో తిండి మోసి, లెక్కపెట్టి, అందించి, ఆ అలవాటుని తెచ్చి మీ ఊరి ఒకటో తరగతి పిల్లల పళ్లాల్లో పెట్టాడు. మీ తమ్ముడు రాసిన తూటా వాక్యం చెక్కిస్తే అబద్ధం అవుతుందన్నది ఒక నష్టం, అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే ఈ మనిషి మాయమైపోతాడు. సినిమా జవాను ఒకడు మిగులుతాడు, వాడు ఏ ఊరి విగ్రహానికైనా సరిపోతాడు. మీరు రాయబోయే జీవిత కథకి ప్రాణం ఈ తక్కెడ. దీన్ని చుట్టూ పెట్టుకుని రాయండి. 1987 తర్వాత, బళ్లకి గదులూ సామానూ ఇచ్చిన కేంద్ర పథకం ఆపరేషన్ బ్లాక్‌బోర్డు డబ్బుతో రెండో గది ఎలా కట్టించారో మీకు గుర్తుందన్నారు, అది రాయండి, గంటకి వేలాడదీసిన రైలు పట్టా ముక్క ఎక్కణ్నుంచి తెచ్చారో అడిగి తెలుసుకుని రాయండి.

నేనూ పాతికేళ్లు బళ్లో చెప్పినదాన్నే కాబట్టి ఇంకో ముక్క. ‘భారతదేశం నా మాతృభూమి’ అని రోజూ పిల్లల చేత అనిపించాం, అది 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు రాశారని మాలో చాలామందికి చాలా ఏళ్లు తెలియనే తెలియదు. ఊళ్ల జ్ఞాపకం అంతే, ఒకటి గట్టిగా పట్టుకుంటుంది, పక్కనున్నది వదిలేస్తుంది. మీ ఊరు కాలు పట్టుకుంది. తక్కెడ వదిలేయబోతోంది. మీరు ఉన్నారు కాబట్టి అందుకోండి.

తమ్ముడి విషయం. గ్రూపులో వాదించకండి, దయచేసి. అమెరికాలో రాత్రి పదకొండు గంటలకి, నలభై మంది చూస్తుండగా, నాన్న హీరో కాదని ఎవరికి చెప్పినా వాళ్లు ఒప్పుకోరు. వాడు ఊళ్లోకి వచ్చి ఉండే పది రోజుల్లో మొదటి రెండు రోజులు వదిలేసి, మూడో రోజు ఇద్దరే ఉన్నప్పుడు ట్రంకు పెట్టె వాడి ముందు పెట్టి మీరు వంటింట్లోకి వెళ్లిపోండి. వాణ్నే చదవనివ్వండి. మీకు మొదటిసారి చదివినప్పుడు ఎలా అనిపించిందో, ఎన్ని రోజులు పట్టిందో గుర్తు తెచ్చుకోండి, వాడికీ అన్ని రోజులు పడతాయి. చిక్కల్లా ఫలకం ఈలోపే చెక్కేస్తారేమో అన్నదే. కాబట్టి గ్రూపు నడిపేవాళ్లలో పెద్దమనిషి ఒకరికి విడిగా ఫోన్ చేసి, “తారీకులు రికార్డుతో సరిచూసుకుంటున్నాం, తమ్ముడు వచ్చాక మ్యాటరు ఫైనల్ చేద్దాం” అనండి. విగ్రహానికి కూడా ముందు పర్మిషన్ ఉందో లేదో కనుక్కోమనండి, బడి స్థలం సర్కారుది, మండల విద్యాధికారికి చెప్పకుండా దిమ్మె కడితే తర్వాత తలనొప్పి. రోడ్డు మీద పెడదామంటే అసలే కుదరదు, ప్రజల దారుల్లో విగ్రహాలు పెట్టనివ్వొద్దని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. నిజానికి ఆ బడిలో 2022లో మూడు, నాలుగు, ఐదు తరగతులు హైస్కూలుకి పోయాయని, పిల్లలు పద్నాలుగు మందే మిగిలారని మీరు రాశారు. నాలుగు లక్షల్లో కొంతైనా ఆ పద్నాలుగు మందికి పెడితే అని నాకు నోటి చివరిదాకా వచ్చింది, కానీ డబ్బు వాళ్లది, ముచ్చట వాళ్లది. మీరు ఒకసారి అని చూడండి, వినకపోతే పట్టుపట్టకండి.

వేలూరు సంగతి. “బండి నాది” అన్న రెండు మాటల్లోంచి మీరు చాలా దూరం వెళ్లారు, నాన్న ఒకరి చావుకి కారణమయ్యారని రాసేశారు. ఆ మాటలకి నేను నడుపుతున్నాను అనీ అర్థం ఉండొచ్చు, ఆ బండి నా పేరు మీద ఇచ్చారు, ఆ రోజు నడిపింది మాత్రం అతను అనీ ఉండొచ్చు. రసీదులు చెప్పేది డబ్బు పంపారని, ఇన్‌లాండ్ లెటరు చెప్పేది ఒక పిల్లవాడు ఐదు పాసయ్యాడని. అంతవరకే పట్టుకోండి. ఆ ఇంటికి ఉత్తరం రాయాలా అంటే, రాయొచ్చు. రాస్తే ఎవరో ఒకరు “ఆయన పంపిన డబ్బుతోనే చదువుకున్నాను” అని జవాబు ఇవ్వొచ్చు, “ఆయన వల్లే మా నాన్న పోయాడు” అని కూడా ఇవ్వొచ్చు. అసలు జవాబే రాకపోవచ్చు. మూడింట్లో ఏదొచ్చినా తట్టుకోగలను అనిపించిన రోజు రాయండి, సంవత్సరీకం హడావుడిలో మాత్రం వద్దు. అప్పటిదాకా ఆ పేరు సావనీరులోకి గానీ ఏ ఉపన్యాసంలోకి గానీ రానివ్వకండి, అది మీ నాన్నగారి రహస్యమే కాదు, ఆ ఇంటివాళ్ల దుఃఖం కూడా.

ముందు మాత్రం అమ్మని అడగండి. “కాలు గొడవ ఇప్పుడెందుకే” అన్న ఆవిడ “ఏ గొడవ” అని అడగలేదు, గమనించారా? నా అనుమానం ఆవిడకి ఎప్పటి నుంచో తెలుసని. పోస్టాఫీసు రసీదులు ఇంట్లో పాతికేళ్లు ఉంటే ఇల్లు ఊడ్చే మనిషి కంటపడకుండా ఉంటాయా? పొద్దున కాఫీ దగ్గర, టీవీ కట్టేసి, ఎవరూ లేనప్పుడు, “అమ్మా, వేలూరు వాళ్లెవరే” అని అడగండి. చెబితే వినండి, చెప్పకపోతే ఆవిడ ఇష్టం.

ఇక మీరు అడగకుండా రాసిన ఆ వాక్యం. బడి పిల్లలకి కథలు చెప్పారు, మాకు చెప్పలేదు. అమ్మా, హెడ్మాస్టరు పిల్లల పరిస్థితి నాకు తెలుసు, బళ్లో నాన్న అని పిలవకూడదు, ఇంట్లోనేమో ఆయన మాస్టారులాగే ఉంటారు, రెండు చోట్లా మాస్టారే అయిపోయి అసలు నాన్న ఎక్కడా దొరకడు. మీకు కోపం రావడం న్యాయమే. దాన్ని సావనీరులో తీర్చుకోవద్దంటున్నానంతే. ఆయన మీద కోపం ఉంటే ఆయన గురించి రాసేటప్పుడు చేతికి తెలుస్తుంది, కాబట్టి ముందు ఒక రాత్రి కూర్చుని, ఎవరికీ చూపించని కాగితం మీద, ఆయన్ని అడగాలనుకున్నవన్నీ అడిగేయండి. నాలుగో తరగతిలో అందరి ముందు మీ చేతి మీద బెత్తంతో కొట్టి, ఇంటికొచ్చాక వెన్న రాశారని రాశారే, అది కూడా అందులో రాయండి. తర్వాత సావనీరు పని పట్టండి.

పనిలో పని, ఆ పెన్షన్ కాగితాలు ఎంతవరకు వచ్చాయి? ఆయనకి సైన్యం పెన్షనూ, టీచరు పెన్షనూ రెండూ వచ్చేవంటున్నారు. ఒకప్పుడు భార్యకి ఏదో ఒక ఫ్యామిలీ పెన్షనే ఇచ్చేవారు, 2012 సెప్టెంబరు 24 నుంచి రెండూ తీసుకోవచ్చని మార్చారు. అమ్మకి ఒక్కటే పడుతుంటే వెంటనే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి అడగండి, భార్యగా ఆవిడ పేరు సైన్యం పెన్షన్ కాగితాల్లో సరిగా ఉందో లేదో కూడా చూపించుకోండి.

తమ్ముడు ఆ ట్రంకు పెట్టెని సభలో పెట్టడానికి కొత్త రంగు వేయిస్తానన్నాడని రాశారు. వద్దనండి. మూత మీద తెల్లరంగుతో రాసి ఉన్నది ఆయన ఆర్మీ నంబరు. రికార్డ్స్ ఆఫీసుకి రాసినా, పెన్షన్ వాళ్లకి రాసినా ముందు అడిగేది ఆ నంబరే.